కంప్యూటరు మీద పెత్తనం ఎవరిది?

కంప్యూటరులో ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ఫైలును డిస్కులో ఎక్కడ దాచాలి, కీబోర్డు మీద కొట్టిన అక్షరాన్ని ఎక్కడికి పంపాలి, ప్రింటరుకు ఏమని చెప్పాలి అన్నవన్నీ ఎప్పటికప్పుడు తేల్చే అడుగు సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. వాడేవారి కంటబడేది పైనున్న బొమ్మలూ మెనూలూ మాత్రమే. డెస్క్‌టాప్ కంప్యూటర్లలోనూ ల్యాప్‌టాప్‌లలోనూ నేడు ఎక్కువగా కనిపించేవి మూడు: మైక్రోసాఫ్ట్ వారి విండోస్, యాపిల్ వారి మ్యాక్‌ఓఎస్, లినక్స్ పునాదిగా పుట్టిన ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ వంటివి. ఉత్తరం రాసుకోవడం, సినిమా చూడటం, బ్యాంకు పని చేసుకోవడం మూడింట్లోనూ సాగుతాయి. మొదటి రెండింటికీ యజమానులున్నారు. మూడోదానికి రాసినవారు వేలమంది ఉన్నారు గాని, వాడుకోవద్దని ఆపగల యజమాని ఒక్కరూ లేరు. ధర చూసినా, భద్రత చూసినా, యంత్రం ఎన్నాళ్లు పనికొస్తుందని చూసినా, తెలుగు ఎలా కనబడుతుందని చూసినా తేడాలన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాయి.

ప్రోగ్రాములను ముందుగా మనుషులు చదవగల రూపంలో రాస్తారు. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. తరువాత దాన్ని యంత్రం నడపగల అంకెల రూపంలోకి మారుస్తారు. ఆ మారిన రూపాన్ని చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పడం నిపుణులకే గగనం. విండోస్ కొన్నవారికి దక్కేది ఈ రెండో రూపం, దాన్ని ఒక యంత్రంలో వాడుకునే అనుమతి. కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వకూడదు, విప్పి చూడకూడదు, మార్చకూడదు. మ్యాక్‌ఓఎస్ లైసెన్సు మరో అడుగు ముందుకేసి, యాపిల్ తయారుచేసిన యంత్రాల్లో తప్ప ఇంకెక్కడా నడపకూడదంటుంది. ఓపెన్ సోర్స్ లైసెన్సుల పద్ధతి దీనికి నేరుగా ఎదురు. ఏ పనికైనా వాడుకోవచ్చు, సోర్స్ కోడ్ చదవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్నీ మార్చనిదాన్నీ పంచిపెట్టవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. లినక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సులో ఒక్క షరతు ఉంది: మార్చి పంచేవారు తమ మార్పుల సోర్స్ కోడ్‌ను కూడా అదే హక్కులతో ఇవ్వాలి. ఊరందరి చేతా తవ్వించిన చెరువుకు ఒకడు కంచె వేసుకోకుండా కాపాడే కట్టుబాటు వంటిది ఈ షరతు.

విండోస్ ఇంతగా పాతుకుపోవడం వెనక సాంకేతికత కన్నా వ్యాపార ఒప్పందాల పాత్ర ఎక్కువ. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును తెచ్చినప్పుడు దానికి ఆపరేటింగ్ సిస్టమ్ సమకూర్చింది మైక్రోసాఫ్ట్. సియాటిల్ దగ్గరి ఒక చిన్న సంస్థ నుంచి కొని, మెరుగుపరిచి, డాస్ పేరుతో ఇచ్చింది. అదే సరుకును ఇతర తయారీదారులకూ అమ్ముకునే హక్కును మాత్రం తనవద్దే ఉంచుకుంది. ఐబీఎంను చూసి పదులకొద్దీ సంస్థలు అలాంటి యంత్రాలే తయారుచేయడంతో డాస్ అన్నింట్లోకీ చేరింది. 1985లో తొలి విండోస్ వచ్చింది గాని, జనం దానికి బాగా అలవాటుపడింది 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95తో.

ఈ నడుమ మైక్రోసాఫ్ట్ కంప్యూటరు తయారీదారులతో ఒక తరహా ఒప్పందం చేసుకునేది. తయారైన ప్రతి యంత్రానికీ, అందులో డాస్ పెట్టినా పెట్టకపోయినా, లైసెన్సు సొమ్ము చెల్లించాలి. అలాంటప్పుడు వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టి అమ్మాలంటే తయారీదారు రెండింటికీ డబ్బు కట్టినట్టే. అమెరికా న్యాయశాఖతో 1994లో కుదిరిన పరిష్కారంతో ఈ పద్ధతి ఆగింది. 1998లో అదే శాఖ గుత్తాధిపత్య ఆరోపణ మీద మళ్లీ కోర్టుకెక్కింది. సంస్థను రెండుగా చీల్చాలని 2000లో కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వును మరుసటి ఏడాది అప్పీలు కోర్టు కొట్టేసినా, ఆధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకున్నదన్న నిర్ధారణ మాత్రం చాలావరకు నిలిచింది. కొత్త కంప్యూటరు పెట్టె విప్పేసరికి విండోస్ అందులో ముందే ఉండటం దశాబ్దాల కిందట వేసిన ఆ పునాదుల మీద నిలబడిన ఆనవాయితీ.

యాపిల్ దారి వేరు. యంత్రమూ సాఫ్ట్‌వేరూ రెండూ తానే చేసి కలిపి అమ్ముతుంది. స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థను 1997లో కలుపుకుని, దాని ఆపరేటింగ్ సిస్టమ్ మీద 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌ను నిర్మించింది. దాని అడుగుపొరలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బీఎస్‌డీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చిన ఓపెన్ సోర్స్ కోడ్ చాలా ఉంది. బీఎస్‌డీ లైసెన్సులో జీపీఎల్ షరతు లేదు కాబట్టి పైపొరలన్నిటినీ యాపిల్ నిక్షేపంగా మూసి ఉంచుకోగలిగింది.

లినక్స్ వెనకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఒక ప్రింటరు దగ్గర మొదలైందంటారు. అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటరును ఇచ్చింది. అందులో కాగితం తరచూ ఇరుక్కునేది. పాత ప్రింటరుకైతే అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ కోడ్ మార్చి, కాగితం ఇరుక్కోగానే వాడుతున్నవారికి కబురందేలా చేశాడు. కొత్తదాని సోర్స్ కోడ్ ఇవ్వడానికి దాన్ని దగ్గరుంచుకున్నవారు నిరాకరించారు. ఇవ్వబోమని ముందే సంతకం చేశామన్నారు. మరమ్మతు చేయగలిగీ చేయనివ్వని ఈ స్థితి స్టాల్‌మన్‌కు సాంకేతిక సమస్యగా కాక అన్యాయంగా తోచింది. 1983 సెప్టెంబరులో, యూనిక్స్‌ను పోలిన, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాస్తానని గ్నూ పేరుతో ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. 1989లో జీపీఎల్ తొలి రూపం వెలువడింది. 1990 నాటికి కంపైలరు, ఎడిటరు, షెల్ వంటి పనిముట్లన్నీ దాదాపు సిద్ధమయ్యాయి గాని నడిబొడ్డున ఉండాల్సిన కెర్నెల్ మాత్రం తేలలేదు. యంత్రభాగాలతో నేరుగా మాట్లాడే భాగం అదే.

ఆ లోటు తీరింది ఫిన్లండ్‌లో. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్ల వయసులో, తన కొత్త కంప్యూటరులో యూనిక్స్ లాంటిది నడపాలన్న కోరికతో ఒక కెర్నెల్ రాయడం మొదలుపెట్టి, 1991 ఆగస్టు 25న ఆ సంగతి తోటివారికి తెలియజేశాడు. సరదాకి చేస్తున్నదేనని, గ్నూ అంత పెద్దదేమీ కాబోదని కూడా అందులో చెప్పుకున్నాడు. తొలి రూపంలో ఉన్నది సుమారు 10 వేల పంక్తుల కోడ్. ఇప్పుడు 3 కోట్లు దాటింది. ఆ ఎదుగుదలకు కారణం 1992లో ఆయన తీసుకున్న ఒక నిర్ణయం. అమ్ముకోకూడదన్న తన పాత షరతును వదిలి లినక్స్‌ను జీపీఎల్ కిందికి తెచ్చాడు. దానితో గ్నూ పనిముట్లూ లినక్స్ కెర్నెలూ కలిసి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ అయ్యాయి. తాను రాసి ఇచ్చింది రేపు ఎవరి సొంత ఆస్తిగానో మారిపోదన్న భరోసా ఉండటం వల్లే ముక్కూమొహం తెలియనివారు దేశదేశాల నుంచి వచ్చి పని పంచుకున్నారు.

కెర్నెల్ ఒక్కటే చేతికిస్తే మామూలు మనిషికి దానితో పని లేదు. దానికి తెరమీది రూపాన్నిచ్చే డెస్క్‌టాప్, బ్రౌజరు, ఆఫీసు ప్రోగ్రాములు, ఫాంట్లు, వాటన్నిటినీ అమర్చే ఇన్‌స్టాలరు జతచేసి ఇచ్చేవాటిని డిస్ట్రిబ్యూషన్లు, వాడుకలో డిస్ట్రోలు అంటారు. 1993లో మొదలైన డెబియన్ ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తల చేతిలోనే ఉంది. దాని భాండాగారంలో 60 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. దాని మీద ఆధారపడి 2004లో దక్షిణాఫ్రికా వ్యాపారి మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటును తెచ్చాడు. డౌన్‌లోడ్ చేసుకునే వీలు లేనివారికి చాలా ఏళ్లు ప్రపంచంలో ఎక్కడికైనా ఉచితంగా సీడీలు పోస్టులో పంపించాడు. ఉబుంటు మీద లినక్స్ మింట్ వచ్చింది. తెరమీది రూపాల్లో ముఖ్యమైనవి కేడీఈ, గ్నోమ్. ఒకటి 1996లో, మరొకటి 1997లో మొదలయ్యాయి. విండోస్‌కు అలవాటుపడిన చేతికి మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ సులువుగా పట్టుబడుతుంది. కొత్తవారికి డిస్ట్రోల సంఖ్య చూస్తేనే గాభరా పుడుతుంది. నిజానికి మొదలుపెట్టడానికి ఉబుంటు, మింట్, ఫెడోరాలలో ఏదైనా చాలు, తక్కినవాటి జోలికి ఆ రోజే పోనక్కరలేదు.

ఉచితంగా ఇచ్చేదాన్ని ఎవరు, ఏ లాభానికి రాస్తారన్నది సహజంగా వచ్చే అనుమానం. లినక్స్ కెర్నెల్‌లో నేడు చేరే కోడ్‌లో ఎక్కువ భాగం జీతం తీసుకుని పనిచేసే ఇంజనీర్లది. ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ వంటి సంస్థలు తమ సర్వర్లూ చిప్‌లూ బాగా నడవాలని ఆ జీతాలిస్తాయి. ఎవరికి వారు విడిగా కెర్నెల్ రాసుకోవడం కన్నా అందరూ కలిసి ఒకదాన్ని పోషించడం చవక. రెడ్ హ్యాట్ కోడ్‌ను కాక, దాని వెనక సేవను అమ్మి ఎదిగింది. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అతివేగ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. డెస్క్‌టాప్‌లో మాత్రం దాని వాటా ప్రపంచమంతటా కలిపి 2024లో గాని 4 శాతం దాటలేదు. సర్వర్ గదిలో ఇంతగా గెలిచిన వ్యవస్థ బల్లమీద వెనకబడటానికి నాణ్యత కారణమనడం పొరపాటు. ఆ బల్లమీద వాడే ఇతర ప్రోగ్రాములు, ముందే నింపి అమ్మే పద్ధతి, అలవాటు కలిసి దాన్ని ఆపాయి.

భారతదేశంలో దీనికి పైరసీ తోడైంది. విండోస్ 11 హోమ్ ధర అమెరికాలో 139 డాలర్లు. ఇక్కడి మధ్యతరగతికి అది భారమే, లెక్క ప్రకారం ఉచితమైన లినక్స్ ఊరూరా పాకాల్సింది. కానీ దుకాణంలో కంప్యూటరు అమర్చి ఇచ్చేవారే దొంగ కాపీ విండోస్ ఎక్కించి ఇస్తుంటే కొనేవారి దృష్టిలో రెండూ ఉచితమే. డాస్‌తోనో ఉబుంటుతోనో వచ్చిన చవక ల్యాప్‌టాప్‌లకు కూడా ఇంటికి చేరేలోపే ఆ సంస్కారం జరిగిపోయేది. ఎలాగూ దొంగిలించేటప్పుడు తమదే దొంగిలించడం మేలు, అలవాటయ్యాక వసూలు చేసే దారి దొరుకుతుందన్న అర్థంలో 1998లో చైనా గురించి బిల్ గేట్స్ ఒక సభలో చెప్పిన మాట మన దేశానికీ చక్కగా అతుకుతుంది. దొంగ కాపీకి అప్‌డేట్లు సరిగా అందవు, దాన్ని తెరిచేందుకు వాడే కీ ప్రోగ్రాముల్లోనే తరచూ వైరస్‌లు దాగి ఉంటాయి. ఆ మూల్యం డబ్బు రూపంలో కనబడదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2015లో వచ్చిన ఆ వ్యవస్థకు ఇక మామూలుగా భద్రతా సవరణలు రావు. ఇళ్లలో వాడేవారికి మరో ఏడాది పొడిగింపును కొన్ని షరతులతో ఇచ్చారు. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, చాలావరకు 2018 నాటి లేదా ఆ తరువాతి ప్రాసెసరు ఉండాలి. శుభ్రంగా పనిచేస్తున్న కోట్లాది కంప్యూటర్లు ఈ రెండు నిబంధనల దగ్గర ఆగిపోయాయి. టీపీఎం వల్ల భద్రత పెరిగే మాట నిజమే. కానీ యంత్రం ఎప్పుడు పాతబడాలో దాన్ని కొన్నవారు కాక సాఫ్ట్‌వేరు అమ్మినవారు నిర్ణయించారన్నదీ అంతే నిజం. మ్యాక్‌లలోనూ ఇదే తీరు. కొత్త మ్యాక్‌ఓఎస్ ఉచితంగానే వస్తుంది గాని, ఏ సంవత్సరపు యంత్రాల దాకా ఇవ్వాలో యాపిల్ తేలుస్తుంది.

లినక్స్ ప్రపంచంలో కూడా మద్దతుకు గడువులుంటాయి. ఉబుంటు రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో తెచ్చే దీర్ఘకాల వెర్షన్‌కు 5 ఏళ్లు సవరణలు ఇస్తుంది. ఆ గడువు తీరాక అదే యంత్రం మీద తరువాతి వెర్షన్‌ను ఖర్చు లేకుండా ఎక్కించుకోవచ్చు. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లో 4 జీబీ మెమరీ ఉన్నా ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్ హాయిగా నడుస్తుంది. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా చురుకవుతుంది. పిల్లల చదువుకు, పంచాయతీ గ్రంథాలయానికి, చిన్న దుకాణానికి ఇలాంటి యంత్రం బాగా సరిపోతుంది. బ్రౌజరులో బరువైన పేజీలు పాతిక తెరిస్తే మాత్రం ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఆ పాత మెమరీని కాపాడలేదు.

భద్రత విషయంలో రెండు పక్షాల వారూ అతిగా చెబుతుంటారు. సోర్స్ కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టి లోపాలుండవని ఒకరు, కనబడుతుంది కాబట్టి దొంగలకు తేలికని మరొకరు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఈ రెండు వాదాలకూ బదులిస్తుంది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము. దాదాపు ప్రతి డిస్ట్రోలో ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఒక్కరే స్వచ్ఛందంగా, అలసిపోయి ఉన్న దశలో నడుపుతూ వచ్చారు. మారుపేరుతో ఒక వ్యక్తి చేరి, రెండేళ్లకు పైగా ఓపికగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, అధికారం చేతికి రాగానే అందులో దొంగదారి పెట్టాడు. సర్వర్లలోకి దొంగచాటుగా చొరబడటానికి పనికొచ్చే ఏర్పాటది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. ఆయన పనిచేస్తున్నది మైక్రోసాఫ్ట్‌లో. స్థిరమైన డిస్ట్రోలలోకి చేరకముందే కోడ్ వెనక్కి పోయింది. ప్రపంచం ఆధారపడే ముక్కను జీతం భత్యం లేని ఒక్క మనిషి మోయాల్సి రావడం ఓపెన్ సోర్స్ పద్ధతికున్న అసలైన బలహీనత. అనుమానం వచ్చిన ఎవరైనా, ఎవరి అనుమతీ అడగకుండా, చివరిదాకా వెళ్లి చూడగలగడం దాని బలం. రెండూ ఒకే సంఘటనలో కనిపించాయి.

విండోస్ మీద దాడులు ఎక్కువ జరగడానికి ఒక కారణం దాని వ్యాప్తే. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్లను బిగించి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకోనివారు దెబ్బతిన్నారు. 2024 జులై 19న జరిగింది వేరే రకం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. తప్పు విండోస్‌ది కాకపోయినా, ప్రపంచమంతా ఒకే వ్యవస్థ మీద కూర్చుంటే ఒక్క దెబ్బకు ఎంత కూలుతుందో ఆ రోజు తెలిసింది. లినక్స్‌లో ప్రోగ్రాములను ఎక్కడెక్కడి నుంచో దించుకోకుండా డిస్ట్రో భాండాగారం నుంచే తీసుకోవడం, అప్‌డేట్లన్నీ ఒకే చోట రావడం మామూలు వాడకందారుకు నిజమైన రక్షణ. ఆ అలవాటు తప్పి దారిన పోయే ఆదేశాలను టెర్మినల్ అనే ఆదేశాల కిటికీలో అతికిస్తే ఏ లైసెన్సూ కాపాడదు.

గోప్యత దగ్గర తేడా స్పష్టంగా ఉంది. విండోస్ 11 తొలిసారి అమర్చేటప్పుడే ఇంటర్నెట్ కనెక్షనునూ మైక్రోసాఫ్ట్ ఖాతానూ అడుగుతుంది. వాడకం తీరుతెన్నుల సమాచారం కొంత సంస్థకు వెళుతుంది, దాన్ని తగ్గించవచ్చు గాని ఇళ్లలో వాడే వెర్షన్లలో పూర్తిగా ఆపే మీట ఇవ్వలేదు. 2024 మేలో ప్రకటించిన రీకాల్ సదుపాయం తెరను ఎప్పటికప్పుడు ఫొటో తీసి దాచుకుంటుందని తెలిసి గొడవ రేగాక, వాయిదా వేసి, కోరుకున్నవారికే అన్న పద్ధతికి మార్చారు. ఓపెన్ సోర్స్ వారు ఇలాంటివి చేయరనుకోవడానికి లేదు. 2012లో ఉబుంటు, సొంత కంప్యూటరులో ఫైలు వెతికినా ఆ మాటను బయటికి పంపి అమెజాన్ సరుకులు చూపించే ఏర్పాటు చేసింది. స్టాల్‌మన్ సహా చాలామంది మండిపడ్డారు. 2016 నాటికి అది దానంతట అది నడవకుండా ఆపేశారు. నచ్చనివారు ఈలోపే అదే కోడ్ మీద నిర్మించిన వేరే డిస్ట్రోకు మారిపోగలిగారు. విండోస్ వాడేవారికి లేనిది ఆ చివరి వెసులుబాటే.

మైక్రోసాఫ్ట్ కూడా అప్పటి సంస్థ కాదు. 2001లో దాని అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో పగ్గాలు చేపట్టిన హైదరాబాదీ సత్య నాదెళ్ల అదే ఏడాది తమ సంస్థకు లినక్స్ అంటే ప్రేమని బహిరంగంగా చాటాడు. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు వచ్చింది, మైక్రోసాఫ్ట్ లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. 2018లో ఓపెన్ సోర్స్ కోడ్‌కు కూడలి అయిన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. క్లౌడ్ సర్వర్ల వ్యాపారంలో లినక్స్ లేనిదే పొద్దు గడవదు. ఆ ప్రేమ డెస్క్‌టాప్ దాకా రాలేదు. విండోస్ సోర్స్ కోడ్ ఇప్పటికీ మూసే ఉంది.

ఇక లినక్స్‌కు మారాలనుకునేవారికి అడ్డుపడేవాటి సంగతి. చార్టర్డ్ అకౌంటెంటు కార్యాలయంలో ట్యాలీ కావాలి, అది విండోస్ కోసం తయారైంది. ఇంజనీరుకు ఆటోక్యాడ్, స్టూడియో వారికి ఫోటోషాప్ కావాలి, వాటికి లినక్స్ రూపాలు లేవు. వాటికి బదులుగా ఓపెన్ సోర్స్‌లో ఉన్న జింప్, ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్ మంచి పనిముట్లే గాని, ఏళ్లతరబడి ఒక ప్రోగ్రాములో చేయి తిరిగినవారికి వాటిని ఇచ్చి సర్దుకోమనడం అన్యాయం. 1993లో మొదలైన వైన్ అనే ప్రోగ్రాము విండోస్ సాఫ్ట్‌వేరును లినక్స్‌లో నడపడానికి ప్రయత్నిస్తుంది. కొన్నింటికి చక్కగా, కొన్నింటికి కుంటుతూ. దాన్ని ఆటల కోసం మెరుగుపరిచి 2018లో వాల్వ్ సంస్థ తెచ్చిన ప్రోటాన్, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి ఆటల యంత్రం వల్ల ఆటల కొరత చాలా తీరింది, మోసాలను పట్టే సాఫ్ట్‌వేరు తప్పనిసరిగా ఉండే కొన్ని ఆటలు తప్ప. ఓపెన్ సోర్స్ ఆఫీసు ప్రోగ్రాము లిబ్రె ఆఫీస్ మామూలు ఉత్తరాలకూ లెక్కలకూ సరిపోతుంది. క్లిష్టమైన పట్టికలున్న వర్డ్ ఫైలును అందులో తెరిస్తే అమరిక చెదరవచ్చు. టెండర్లకూ పన్నులకూ వాడే డిజిటల్ సంతకం టోకెన్లు, కొన్ని ప్రింటర్లు, వైఫై చిప్‌లు కూడా మొండికేసే సందర్భాలున్నాయి.

తెలుగు పత్రికలకూ పుస్తకాలకూ ఈ ముడి మరీ గట్టిగా పడింది. డీటీపీ అంటే విండోస్, అందులో పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు అన్న త్రయం దశాబ్దాలపాటు తెలుగు అచ్చును నడిపింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, దాని అభివృద్ధిని అడోబి ఆ తరువాత కొద్దికాలానికే ఆపేసింది. అయినా తెలుగునాట ఎన్నో డీటీపీ కేంద్రాల్లో అదే కొనసాగింది. అను వంటి పాత ఫాంట్లు, అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణంగా సంకేతాలిచ్చే యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. అందులో కొట్టిన వ్యాసాన్ని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు కనబడతాయి. వెతకడానికి వీలుండదు, ఇంటర్నెట్‌లో పెట్టాలంటే మార్పిడి చేసి తప్పులు దిద్దుకోవాలి. ఎన్నో తెలుగు పుస్తకాలు ఇలా ఒక సాఫ్ట్‌వేరుకు బందీలై ఉండటం కేవలం వ్యాపార సమస్య కాదు. భాష తన పాత రాతలను తాను చదువుకోలేని స్థితి అది. ఓపెన్ సోర్స్ పేజీల అమరిక ప్రోగ్రాము స్క్రైబస్ తెలుగు వత్తులను సరిగా పేర్చే శక్తిని ఆలస్యంగా అందుకుంది. ఆ శక్తి ఉన్న స్థిరమైన వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. డీటీపీ కేంద్రాలు దానికి అలవాటుపడటానికి ఇంకా సమయం పడుతుంది.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, యాపిల్ తన యంత్రాలకు తెలుగు సంగం, కోహినూర్ ఫాంట్లను ఇచ్చింది. ఇవి ఆ సంస్థల సొత్తు. పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ ఇచ్చిన లోహిత్ తెలుగు, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటివి ఎవరైనా పుస్తకానికీ పోస్టరుకూ వాడుకోగలవి. అక్షరాలను గుణింతాలుగా, వత్తులుగా పేర్చే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ముక్క ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ అన్నిటిలోనూ ఉంది. ఫోనులో తెలుగు చదివే కోట్లమంది తెలియకుండానే దాన్ని వాడుతున్నారు. లినక్స్‌లో తెలుగు కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, డీటీపీ వారికి అలవాటైన యాపిల్ కీబోర్డు మూడూ అందుబాటులో ఉన్నాయి. మెనూల తెలుగు అనువాదం మాత్రం స్వచ్ఛందంగా చేసేవారి ఓపిక మీద ఆధారపడి, కొన్నిచోట్ల నిండుగా, కొన్నిచోట్ల సగం ఆంగ్లంగా ఉంటుంది. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను కూడగట్టి లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. వ్యాపార సంస్థకు లాభం లేదని తోస్తే ఆగిపోయే పని, భాషను ప్రేమించే పదిమంది పూనుకుంటే ఇలా సాగుతుంది. తప్పు అనువాదం కనబడితే దిద్ది పంపే హక్కు చదువరికే ఉండటం చిన్న విషయం కాదు.

సంస్థలు సామూహికంగా మారిన అనుభవాలు రెండు విధాలుగా ఉన్నాయి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌లోకి మార్చింది. 2017లో కొత్త పాలకవర్గం మళ్లీ విండోస్‌కు పోవాలని తీర్మానించింది. విడివిడి శాఖల ప్రత్యేక ప్రోగ్రాములు, ఇతర ప్రభుత్వాలతో ఫైళ్ల మార్పిడి ఇబ్బందులు, రాజకీయ ఇష్టాయిష్టాలు కలిసి ఆ పని చేయించాయి. ఫ్రాన్స్‌లో జాతీయ జాందార్మరీ అనే పోలీసు దళం నిదానంగా నడిచింది. 2005లో విండోస్ మీదే ఆఫీసు ప్రోగ్రామును, తరువాత బ్రౌజరును ఓపెన్ సోర్స్‌కు మార్చి, సిబ్బందికి అవి అలవాటయ్యాక 2008లో అడుగునున్న విండోస్ తీసి ఉబుంటు పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే వాడుతోంది. ముందు ప్రోగ్రాములు, ఆ తరువాతే ఆపరేటింగ్ సిస్టమ్ అన్న ఆ వరుసే దాన్ని నిలబెట్టింది.

మన దేశంలో అన్నిటికన్నా లోతుగా వేళ్లూనుకున్నది కేరళలో. అక్కడి ఐటీ ఎట్ స్కూల్ పథకం, నేటి కైట్ సంస్థ, ప్రభుత్వ పాఠశాలలన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదికి తెచ్చింది. ఉబుంటు ఆధారంగా తన సొంత డిస్ట్రోను తయారుచేసుకుని, పదో తరగతి ఐటీ పరీక్షను కూడా దానిపైనే పెడుతోంది. వేలాదిమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, పాఠ్యపుస్తకాన్ని దానికి తగినట్టు రాయడం వల్ల అది నిలిచింది, సీడీలు పంచినందువల్ల కాదు. కేంద్రం తరఫున సీడాక్ 2007లో డెబియన్ ఆధారంగా, భారతీయ భాషలతో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానం ప్రకటించింది. 2023లో రక్షణ శాఖ తన కంప్యూటర్లలో విండోస్ బదులు ఉబుంటు ఆధారిత మాయా ఓఎస్‌ను పెట్టాలని నిర్ణయించింది. రక్షణ రంగం ఇందుకు పూనుకోవడంలో పొదుపు ప్రధానం కాదు. తన యంత్రంలో ఏం నడుస్తోందో తాను చూసుకోగలగాలన్నదే ప్రధానం.

ఇంటి కంప్యూటరులో పరీక్షించి చూడటం తేలిక. డిస్ట్రో వారి అధికారిక చోటు నుంచి ఐఎస్ఓ ఫైలు దించుకుని, దాన్ని కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి బెలెనా ఎచర్, రూఫస్ వంటి ప్రోగ్రాముతో ఎక్కించాలి. కంప్యూటరును ఆ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే డిస్కును ముట్టుకోకుండానే పూర్తి వ్యవస్థ తెరమీదికి వస్తుంది. వైఫై దొరుకుతోందా, స్పీకరు మోగుతోందా, ప్రింటరు పలుకుతోందా, మూత వేసి తీస్తే నిద్రలేస్తోందా అన్నవి అక్కడే చూసుకోవాలి. అన్నీ బాగుంటే విండోస్‌ను ఉంచుకునే పక్కన లినక్స్ అమర్చి, మొదలుపెట్టేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. ట్యాలీ, పేజ్‌మేకర్ వంటివి తప్పనివారికి ఇదే అనువైన పద్ధతి. అమర్చేముందు ఫొటోలూ పత్రాలూ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం పడి ఉంటే దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి, అది లేకపోతే పాత ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. అమర్చాక తొలిపనిగా అప్‌డేట్లు వేసి, సెట్టింగుల్లో కీబోర్డుల జాబితాకు తెలుగు చేర్చుకుంటే చాలు, సూపర్ మీట (విండోస్ గుర్తున్నది)తో పాటు స్పేస్ నొక్కితే చాలా డిస్ట్రోలలో ఆంగ్లం నుంచి తెలుగుకు మారుతుంది.